నక్షత్ర తాబేలుకు ఏడేళ్ల జైలు, రెడ్ ఇయర్‌కు రసీదు కూడా అక్కర్లేదు: ఒకే ఇంట్లో రెండు తాబేళ్ల కేస్ స్టడీ

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక అపార్ట్‌మెంట్ అనుకుందాం. ఇంట్లో రెండు తాబేళ్లున్నాయి. ఒకటి నక్షత్ర తాబేలు. రాయలసీమ నుంచి వచ్చిన బంధువు ‘ఇంట్లో ఉంటే కలిసొస్తుంది’ అని ఇచ్చి వెళ్లారు. రెండోది పిల్లలు ముచ్చటపడితే అక్వేరియం షాపులో కొన్న రెడ్ ఇయర్ స్లైడర్. కొన్న రోజున అరచేతిలో ఇమిడిపోయేది, ఇప్పుడు పళ్లెమంత అయింది. కుటుంబం ఊరు మారుతోంది, రెండింటినీ ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి. ఇది ఫలానా వారింటి సంగతి కాదు. ఇలాంటి ఇళ్ల నుంచి పదే పదే వచ్చే ప్రశ్నలను ఒకచోట చేర్చిన నమూనా కేసు.

ఆ కుటుంబానికి ఒక నమ్మకం ఉంటుంది. నక్షత్ర తాబేలు మన పొలాల గట్ల మీద తిరిగేదే కాబట్టి దానితో ఏ చిక్కూ లేదని, స్లైడర్ విదేశీది కాబట్టి దానికేదో లైసెన్సు కావాలని అనుకుంటారు. చట్టం సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంది. మన జంతువును కాపాడటంలో చట్టం కఠినంగా ఉండటం న్యాయమే, అందులో రవ్వంత సడలింపు కూడా మేం కోరడం లేదు. మా అభ్యంతరమల్లా రెండో తాబేలు గురించే. మన చెరువులకు చేటు చేయగలిగింది అదే, దాన్ని పట్టించుకునే నాథుడు లేడు.

ముందు గుర్తింపు

ఏ కేసైనా ఇక్కడే మొదలవ్వాలి, ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. నక్షత్ర తాబేలు విషయంలో పెద్దగా సందేహం రాదు. గుమ్మటంలా ఎత్తైన పైడిప్ప, ప్రతి పలక మధ్యలో పసుపు మచ్చ, దాని నుంచి చుట్టూ విరజిమ్మినట్టు 6 నుంచి 12 పసుపు గీతలు, ఏనుగు పాదాల్లాంటి కాళ్లు కనిపిస్తాయి. ఇది పూర్తిగా మెట్ట జీవి. నీళ్ల టబ్బులో వేస్తే మునిగి చస్తుంది.

స్లైడర్‌కు వేళ్ల మధ్య పొర, ఆకుపచ్చ డిప్ప, పసుపు అడుగుడిప్ప మీద నల్లటి మచ్చలు, కంటి వెనక ఎర్రటి పట్టీ ఉంటాయి. చిక్కంతా ఆ ఎరుపుతోనే. కంటి వెనక ఎరుపు కనిపించగానే ‘రెడ్ ఇయర్’ అనేస్తారు. మన దేశపు పాంగ్షురా జాతి నీటి తాబేళ్లకూ కంటి వెనక ఎర్రటి లేదా నారింజ మచ్చ ఉంటుంది. వాటిలో టెంటోరియా అనేది కృష్ణా, గోదావరి, మహానది నీళ్లలో బతికేది. ఉత్తరాదిన దొరికే టెక్టా దొంగచాటుగా పెంపుడు జంతువుల బజారుకు చేరుతుంటుంది, అది షెడ్యూల్ 1 జీవి, అంటే వన్యప్రాణి చట్టం అత్యంత కఠిన రక్షణ ఇచ్చే జాబితాలోది. తేడా తెలియాలంటే పైడిప్పను పక్క నుంచి చూడాలి. పాంగ్షురాకు ఇంటి కప్పులా నడుమ గట్టు లేచి ఉంటుంది, మూడో పలక చివర కొక్కెంలా పొడుచుకొస్తుంది. ఎదిగిన స్లైడర్ డిప్ప నునుపుగా, పల్చటి గుమ్మటంలా ఉంటుంది. ముసలి మగ స్లైడర్లలో ఎరుపు వెలిసిపోయి ఒళ్లంతా నల్లబడుతుంది కాబట్టి ఎరుపు లేనంత మాత్రాన స్లైడర్ కాదనీ చెప్పలేం. తల పక్క నుంచి, పైడిప్ప మీద నుంచి, అడుగుడిప్ప, ముందరి పాదం: ఈ నాలుగు ఫొటోలు లేకుండా ఎవరికీ సలహా ఇవ్వకూడదు. ‘విదేశీదే, పర్వాలేదు’ అన్న మాట తప్పయితే జైలు పాలయ్యేది ఇంటివాళ్లు.

చట్టం ఏమంటోంది

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు నాలుగో షెడ్యూల్‌లో ఉన్న నక్షత్ర తాబేలు ఈ సవరణతో షెడ్యూల్ 1కి చేరింది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలోనూ 2019లో దాన్ని మొదటి అనుబంధంలోకి ఎక్కించారు. అలా చేయడానికి తగిన కారణం ఉంది. మన దేశంలోని ఒక్క సేకరణ కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లు తరలిపోతున్నాయని 2015లో అచ్చయిన అధ్యయనం లెక్కగట్టింది. షెడ్యూల్ 1 జంతువు విషయంలో నేరానికి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. పైగా సెక్షన్ 57 ప్రకారం జంతువు ఇంట్లో దొరికితే అక్రమంగా ఉంచుకున్నట్టే లెక్క. కాదని రుజువు చేసుకోవాల్సిన భారం ఇంటివాళ్లదే.

స్లైడర్ సంగతి వేరు. విదేశీ జంతువుల కోసం ఇదే సవరణ నాలుగో షెడ్యూల్‌ను కొత్తగా రాసింది. అందులో ఉన్నవి సైటీస్ జాబితా జాతులు. ఆ జాతుల్లో ఏది ఇంట్లో ఉన్నా కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024 ఫిబ్రవరి 28న నిబంధనలు వచ్చాయి. అప్పటికే ఉన్నవాటికి ఆరు నెలల గడువు ఇచ్చారు, అది ముగిసింది. కొత్తగా తెచ్చుకుంటే 30 రోజులు, రుసుము 1,000 రూపాయలు. పిల్లలు పుట్టినా, చనిపోయినా, చేతులు మారినా తెలపాలి. ఆఫ్రికన్ గ్రే చిలుకకు, ఇగువానాకు, బాల్ పైథాన్‌కు, సల్కటా తాబేలుకు ఇది వర్తిస్తుంది. స్లైడర్ సైటీస్ జాబితాలో లేదు కనుక వర్తించదు.

ద్వంద్వ నీతి మూలం ఇక్కడే ఉంది. సైటీస్ అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ వ్యాపారం వల్ల ఆ జంతువు తన పుట్టినచోట అంతరించిపోతుందా? స్లైడర్‌కు ఆ ప్రమాదం లేదు, ఫారాల్లో లక్షల్లో పుడుతోంది. మనం అడగాల్సిన ప్రశ్న వేరు: ఇది మన నీళ్లలో పడితే ఏమవుతుంది? ఆ ప్రశ్న నమోదు నిబంధనల్లో ఎక్కడా లేదు. ఫలితంగా ఫిషర్స్ లవ్‌బర్డ్ జంటకు కాగితాలు కావాలి, ప్రపంచంలోని 100 అతి చెడ్డ ఆక్రమణ జాతుల (పరాయిచోట పాకి అక్కడి జీవులకు చేటు చేసేవాటి) జాబితాకెక్కిన స్లైడర్‌కు అక్కర్లేదు. రామచిలుకను పంజరంలో పెడితే నేరం, కోట్ల విలువ చేసే మకావ్‌ల గదికి నమోదు పత్రం ఉంటే చాలు. రామచిలుక విషయంలో మన చట్టం సరైనదే. కానీ పక్కింటి పంజరంలో విదేశీ చిలుకను చూసిన మనిషికి ‘ఇదెక్కడి న్యాయం’ అనిపించడమూ సహజమే. దాన్ని కొట్టిపారేయకుండా జవాబు చెప్పాలి.

నక్షత్ర తాబేలు: ఏం చేయాలి

ప్రభుత్వ ఆస్తి అయిన వన్యప్రాణి చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు గానీ, అధికారమున్న అటవీ అధికారికి గానీ తెలపాలని సెక్షన్ 39 చెబుతుంది. మన నమూనా కుటుంబం ఆ గడువును ఎప్పుడో దాటేసింది. కాబట్టి ముందు న్యాయవాదితో మాట్లాడి, డీఎఫ్‌ఓ (జిల్లా స్థాయి అటవీ అధికారి) పేరిట ఒక్క పేజీ దరఖాస్తు రాయాలి. జంతువు ఎలా వచ్చింది, సుమారుగా ఎప్పటి నుంచి ఉంది, డిప్ప పొడవెంత, ఒంటి మీద గాయాలున్నాయా, ఇప్పుడు ఎందుకు అప్పగిస్తున్నాం అన్నవి అందులో ఉండాలి. ఫొటోలు జతచేయాలి. అధికారులే ఇంటికి వచ్చి తీసుకెళ్లేలా అడగాలి. సొంతంగా బస్సులోనో కారులోనో జిల్లా దాటిస్తే రవాణా అన్న మరో చిక్కు మెడకు చుట్టుకుంటుంది. పంచనామా నకలు తప్పకుండా తీసుకోవాలి.

సెక్షన్ 42ఎ కింద స్వచ్ఛందంగా అప్పగిస్తే సరిపోతుంది కదా అని కొందరంటారు. అది యాజమాన్య ధ్రువపత్రం ఉన్నవారికి వర్తించే సెక్షన్. పత్రం లేని వారికి మాఫీ హామీ ఏదీ చట్టంలో లేదు. తమంతట తాముగా వచ్చినవారి మీద కఠినంగా వెళ్లాలా వద్దా అన్నది అధికారి విచక్షణకే మిగిలింది. ఈ భయంతోనే చాలామంది రాత్రిపూట ఊరి బయట వదిలేస్తారు. అది ఇంకా పెద్ద తప్పు. ఇంట్లో టమాటా, రొట్టె తిని పెరిగిన తాబేలుకు డిప్ప పలకలు గోపురాల్లా లేచి, లోపలి ఎముక మెత్తబడి ఉంటుంది. వాయవ్య భారతపు నక్షత్ర తాబేళ్లకు, దక్షిణాది వాటికి జన్యువుల్లో తేడా ఉంది. ఏ ప్రాంతానిదో తేలకుండా వదిలితే రెండు వంశాలూ కలగాపులగం అవుతాయి. ముక్కు కారే జబ్బులు అడవిలోని వాటికి అంటుకుంటాయి. శ్రీకూర్మం ఆలయంలో నక్షత్ర తాబేళ్లను చూసి ‘గుడికి ఇచ్చేస్తే పుణ్యం’ అనుకునేవారూ ఉన్నారు. గుడికి ఇవ్వడం అటవీ శాఖకు అప్పగించినట్టు కాదు.

స్లైడర్: అసలు ముడి

ఇప్పుడు రెండో తాబేలు. అటవీ శాఖకు వెళితే ‘ఇది మా షెడ్యూల్‌లో లేదు’ అనే జవాబు రావచ్చు. జూకు వెళితే క్వారంటైన్ గది లేదనవచ్చు. మత్స్య శాఖ దృష్టిలో అది చేప కాదు. 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం దుకాణం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదై ఉండాలి. కానీ అమ్మిన జంతువును తిరిగి తీసుకోవాలన్న బాధ్యత ఆ దుకాణానికి లేదు. దిగుమతి దగ్గర కస్టమ్స్ ఉంది. చెన్నై, తిరుచిరాపల్లి విమానాశ్రయాల్లో సూట్‌కేసుల నిండా స్లైడర్ పిల్లలు పట్టుబడిన సందర్భాలు చాలానే ఉన్నాయి. కానీ ఒకసారి షాపు తొట్టిలోకి చేరాక దిగుమతి కాగితం చూపమని అడిగేవారు ఉండరు.

చివరికి మిగిలేది చెరువు. స్లైడర్‌ను చెరువులో వదిలితే శిక్ష ఏమిటో చూడండి. జంతు హింస నిరోధక చట్టం 1960 సెక్షన్ 11 కింద, ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేస్తే మొదటిసారి జరిమానా 10 రూపాయలకు తగ్గకుండా, 50 రూపాయలకు మించకుండా. అదీ జంతువు బాధపడే పరిస్థితి ఉందని రుజువైతేనే. నిండు చెరువులో స్లైడర్‌కు బాధేమీ లేదు, హాయిగా ఉంటుంది. బాధ మిగతా తాబేళ్లది.

ఆ హాయి మీద కొంచెం వివరంగా చెప్పాలి. స్లైడర్ ఆడది ఒక్కో విడతలో 2 నుంచి 30 దాకా గుడ్లు, ఏడాదికి ఐదు విడతల వరకు పెట్టగలదు. మన నల్ల చెరువు తాబేలు గుడ్లు ఒక విడతకు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. గుడ్డు పొదిగే వేడి 29 డిగ్రీలు దాటితే పుట్టే పిల్లలు ఎక్కువగా ఆడవే కాబట్టి మన ఎండ దానికి అనుకూలం. ఎండ కాచుకునే బండల మీద పెద్ద స్లైడర్లు చిన్న తాబేళ్లను నెట్టేస్తాయి. ఫ్రాన్స్‌లో యూరప్ చెరువు తాబేళ్లను స్లైడర్లతో కలిపి ఉంచి చేసిన ప్రయోగాల్లో స్థానిక తాబేళ్లు మంచి చోట్లు వదులుకుని, బరువు తగ్గి, ఎక్కువగా చనిపోయాయి. మన దేశంలో త్రిస్సూర్ దగ్గరి కాలువలో, గువాహటి గుడి కోనేటిలో, చండీగఢ్ సుఖ్నా సరస్సులో స్లైడర్లు కనిపించాయి. కేరళ అటవీ పరిశోధనా సంస్థ ప్రజల దగ్గర నుంచి వీటిని సేకరించే పని పెట్టుకుంది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి ఏర్పాటు ఉండాలి. అక్వేరియం నుంచి బయటపడిన సక్కర్ చేప తూర్పు కనుమల చెరువుల్లో ఎంతగా పాకిందో హైదరాబాద్‌లోని పరిశోధనా సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏ పరీక్షలతో చూపించారు. తాబేలు విషయంలోనూ అంతదాకా ఆగడం ఎందుకు?

కాబట్టి కుటుంబానికి మా సలహా: ఉంచుకోండి, లేదా తొట్టి సహా తీసుకోగలిగిన పెద్దవారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఉంచుకోవాలంటే అంగుళం డిప్పకు 40 లీటర్ల చొప్పున నీళ్లు కావాలి. ఎదిగిన ఆడది 10 అంగుళాలు అవుతుంది, అంటే 400 లీటర్లు. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు తొట్టి సరిపోతుంది. నీళ్లు, స్టాండుతో కలిసి దాదాపు అర టన్ను బరువు కనుక గోడవారగా పెట్టాలి. ఫిల్టర్ తొట్టి నీళ్లకు రెండు మూడింతల సామర్థ్యమున్నది తీసుకోవాలి. చేపల ఫిల్టర్ తాబేలు మలానికి చాలదు, నీళ్లు పాడై కళ్లు ఉబ్బుతాయి. నీళ్ల వేడి 24 నుంచి 27 డిగ్రీలు, ఒళ్లు ఆరబెట్టుకునే దిమ్మె మీద 32 నుంచి 35 డిగ్రీలు ఉండాలి. యూవీబీ (ఎండలో ఉండే, డిప్ప గట్టిపడటానికి కావాల్సిన అతినీలలోహిత కిరణాలు) ఇచ్చే ట్యూబు దిమ్మెకు 25–30 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. వెలుగు వస్తున్నా యూవీబీ తగ్గిపోతుంది కాబట్టి ఏడాదికోసారైనా మార్చాలి. అద్దం కిటికీలోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది. డిప్ప మెత్తబడటానికి చాలా ఇళ్లలో కారణం ఇదే. ఎదిగిన స్లైడర్‌కు ఆకులు, నీటి మొక్కలు ప్రధానం. ఎండు రొయ్యలే మేపితే విటమిన్ ఎ లోపం వస్తుంది. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియంను పట్టేస్తాయి కనుక అది రోజూ వద్దు. మగది లేకపోయినా ఆడది గుడ్లు పెడుతుంది. మట్టి తొట్టి లేకపోతే గుడ్లు లోపలే నిలిచి ప్రాణం మీదికి వస్తుంది. మగది కూడా ఉంటే పెట్టిన గుడ్లను ఆ రోజే ఫ్రీజర్‌లో పెట్టాలి. తొట్టి నీళ్లను వంటింటి సింకులో పారబోయకూడదు. విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఇక్కడే అంటుకుంటుంది. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఇది ఉండకపోవడమే మేలు.

ఇతరులు ఎక్కడ తప్పారు, ఎక్కడ నేర్చుకున్నారు

ఆ సాల్మొనెల్లా కారణంగానే అమెరికా 1975లో 4 అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. చిన్నవైతే పిల్లలు నోట్లో పెట్టుకుంటారని. కానీ ఎగుమతిని మాత్రం మినహాయించింది. పెట్టె మీద ‘ఎగుమతికి మాత్రమే’ అని స్పష్టంగా రాస్తే చాలు. తమ పిల్లల చేతికి ఇవ్వకూడని జంతువును పరాయి పిల్లల చేతికి పంపవచ్చన్నమాట. 1989 నుంచి 1997 మధ్య అలా 5.2 కోట్ల స్లైడర్లు బయటి దేశాలకు వెళ్లాయి. ఈ మొత్తం వ్యవహారంలో ఇంతకంటే పచ్చి ద్వంద్వ నీతి మాకు కనిపించలేదు.

యూరోపియన్ యూనియన్ 1997లో దిగుమతి ఆపింది. అయితే ఎర్ర పట్టీ ఉన్న ఉపజాతి పేరొక్కటే రాసింది. వ్యాపారులు వెంటనే పసుపు పొట్ట ఉపజాతికి మారిపోయారు. జంతువు అదే జాతి, చేసే చేటూ అదే. 2016 జాబితాలో ట్రాకెమిస్ స్క్రిప్టా (స్లైడర్ శాస్త్రీయ నామం) జాతి మొత్తాన్ని చేర్చేసరికి దాదాపు ఇరవై ఏళ్లు గడిచాయి. జపాన్ 2023 జూన్ 1న ఇంకాస్త తెలివిగా కదిలింది. ఇళ్లలో ఉన్నవాటిని అనుమతి లేకుండానే ఉంచుకోనిచ్చింది. అమ్మకాన్ని, వదిలేయడాన్ని శిక్షార్హం చేసింది. పెంచడమే నేరమంటే భయంతో జనం ఒక్కసారిగా చెరువుల మీద పడతారని వారికి తెలుసు.

మనకు చేతకాక కాదు

విదేశీ జీవిని ఎలా నియంత్రించాలో ఆంధ్ర తీరానికి బాగా తెలుసు. వనామీ రొయ్య పసిఫిక్ తీరపు జీవి. 2009లో పెద్ద ఎత్తున అనుమతించినప్పుడు తల్లి రొయ్యలు నిర్దిష్ట రోగాలు లేనివై ఉండాలని, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రం దాటాకే హేచరీకి చేరాలని, హేచరీకీ చెరువుకూ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నమోదు ఉండాలని, చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి వేయకూడదని రాశారు. అమలులో లోపాలున్నాయి, అయినా ఒక పద్ధతి ఉంది. ఎగుమతి డబ్బు ఉన్నచోట ఇంత శ్రద్ధ కుదిరింది. మరోవైపు దోమల కోసం మున్సిపాలిటీలే గంబూషియా చేపను కాలువల్లో, కుంటల్లో వదులుతున్నాయి. స్లైడర్ ఉన్న ఆ 100 జాతుల జాబితాలోనే గంబూషియా పేరూ ఉంది. ప్రభుత్వమే వదులుతుంటే, స్లైడర్‌ను చెరువులో వదలొద్దని ఇంటివాళ్లకు నచ్చజెప్పడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

2022 సవరణలోనే దీనికి తాళంచెవి ఉంది. సెక్షన్ 62ఎ కింద ఆక్రమణ జాతుల దిగుమతిని, వ్యాపారాన్ని, దగ్గర ఉంచుకోవడాన్ని, వ్యాప్తిని నియంత్రించే లేదా నిషేధించే అధికారం కేంద్రానిది. ఏ జాతి అన్నది నోటిఫికేషన్‌లో పేరు పెట్టి చెప్పాలి. స్లైడర్ పేరు రాసే రోజున ఈ అంశాలు ఉండాలని మా కోరిక. ఉపజాతి కాకుండా జాతి మొత్తం పేరు ఉండాలి. అమ్మకం, పెంపకంతో పిల్లలు తీయించడం, వదిలేయడం ఆ రోజు నుంచే నిషేధం కావాలి. ఇళ్లలో ఉన్నవాటికి రుసుము లేకుండా పరివేష్‌లో నమోదు, చనిపోయేదాకా ఉంచుకునే అనుమతి ఇవ్వాలి. దుకాణాల్లో మిగిలిన సరుకు ‘గడువులోగా అమ్ముకోవచ్చు’ అనే వాక్యం మాత్రం రాకూడదు. అది రాస్తే ఆ గడువులో చవకగా అమ్మేస్తారు, ఇంకో నాలుగేళ్లకు అవన్నీ చెరువుల్లో తేలతాయి. ఆ సరుకును దుకాణం ఖర్చుతోనే అప్పగింత కేంద్రానికి చేర్చాలి.

నోటిఫికేషన్ కంటే ముందే ఆ అప్పగింత కేంద్రం సిద్ధం కావాలి. జిల్లాకొకటి అక్కర్లేదు, తెలుగు రాష్ట్రాల్లో రెండేసి చాలు. సిమెంటు కుంట గోడ లోపలి వైపు నునుపుగా 2 అడుగుల ఎత్తు ఉండి, పైన లోపలికి వంగిన అంచు ఉండాలి. స్లైడర్ గరుకు గోడలు ఎక్కుతుంది. బయటికి పోయే నీళ్లకు జల్లెడ, మగవాటికీ ఆడవాటికీ వేరు కుంటలు, కొత్తగా వచ్చినవాటికి విడిగా తొట్లు పెట్టాలి. మగదాన్ని పొడవాటి ముందరి గోళ్లతో, లావైన తోకతో గుర్తుపట్టవచ్చు. 4 అంగుళాల లోపు వాటిలో ఇది తేలదు కాబట్టి చిన్నవాటికి మూడో కుంట ఉండాలి.